మనిషికి తరుగుదల ఏ ఖాతాలో రాస్తాం?

మన పత్రికకు ఒక వ్యాసం రాయమని సంఘం కార్యదర్శిగారు రెండు ఉగాదులుగా అడుగుతూ వస్తున్నారు. నేను బ్యాంకు ఉద్యోగిని, బి.కాం. పట్టభద్రుణ్ణి. వడ్డీలు, డిపాజిట్లు తప్ప నాకు తెలిసిన విషయాలు తక్కువ. అవి రాస్తే చదువరులు పేజీ తిప్పేసి వంటల శీర్షికకు వెళ్ళిపోతారని ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను. ఈమధ్య మా అమ్మాయి పుణ్యమా అని ఒక విషయం చేతికి చిక్కింది. అది పెద్ద కంపెనీల వాళ్ళ గొడవ అని మొదట అనుకున్నాను గాని, తీరా చూస్తే మన వంటింటి గుమ్మం దాకా వచ్చి కూర్చునే సంగతే.

అమ్మాయి పూనాలో ఎం.బి.ఏ. చదువుతున్నది. దసరా సెలవులకు షోలాపురం వచ్చినప్పుడు నాలుగు పేజీల ప్రశ్నపత్రం ఒకటి నా చేతిలో పెట్టి, "నాన్నా, నిజాయితీగా నింపు, నా ప్రాజెక్టుకు కావాలి" అన్నది. దాని విషయం 'సుస్థిర మానవ వనరుల నిర్వహణ'. పేరు వినగానే ఆవలింత వచ్చింది. మా బ్యాంకు శిక్షణ కళాశాలలో ఇలాంటి పేర్లు వినీ వినీ చెవులు కాయలు కాచాయి. అయినా కూతురి మాట కాదనలేక ఉయ్యాలబల్ల మీద కూర్చుని టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాను. 'సాయంత్రం ఇంటికి చేరాక పనిని గురించిన ఆలోచన పక్కన పెట్టగలుగుతున్నారా?' అనే ప్రశ్న వచ్చింది. 'తరచుగా' అన్న గడిలో టిక్కు పెట్టాను.

కూర తరుగుతూ ఇదంతా వింటున్న మా ఆవిడ అక్కడి నుండే అన్నది: "ఆ కాయితం ఇటియ్యి బిడ్డా. ఇంటికొచ్చినంక బ్యాంకును మర్చిపోయిండో లేదో ఆయనకేం ఎరుక? చూసేదాన్ని నేను గదా!"

అమ్మాయి పకపకా నవ్వింది. తరువాత నవ్వు ఆపి, "నాన్నా, అమ్మ చెప్పిన మాటే మా పుస్తకాల్లో ఉంది" అన్నది. ఆ పుస్తకాల్లో ఏముందో సెలవులు ముగిసేలోగా కొంత తను చెప్పింది, కొంత నేను చదువుకున్నాను. తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

సుస్థిరత అనే ఆలోచనకు పాత చిరునామా అడవి. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో వెండి గనులుండేవి. ఖనిజాన్ని కరిగించే కొలుములకు కట్టెలు కావాలి. కొట్టగా కొట్టగా అడవులు పలచబడి, కట్టె లేక కొలుములు ఆరిపోయే పరిస్థితి వచ్చింది. అక్కడ గనుల పాలనాధికారిగా ఉన్న హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ అనే పెద్దమనిషి 1713లో ఒక గ్రంథం రాశాడు. అడవి ఏడాదికి ఎంత పెరుగుతుందో అంతే కొట్టుకోవాలి, కొట్టినచోట మళ్ళీ నాటాలి అన్నది అందులోని సారం. ఆయన అడవి మీద కవిత్వం చెప్పలేదు. కట్టె లేకపోతే వెండి రాదన్న లెక్క చెప్పాడు. అందుకే ఆయన నాకు నచ్చాడు. ఆ తరువాత 1987లో నార్వే ప్రధాని బ్రుంట్లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి కమిషన్ ఒకటి, రాబోయే తరాల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవాలని చెప్పిన దగ్గర నుండి ఈ మాట ప్రపంచమంతా పాకింది. నీళ్ళు, చెట్లు, గాలి, బొగ్గు అన్నింటికీ దీన్ని వర్తింపజేశారు.

మనిషి సంగతి మాత్రం ఆలస్యంగా గుర్తుకొచ్చింది. 2002లో స్వీడన్‌లో పనిచేసిన పీటర్ డోచర్టీ, ఆయన సహచరులు కలిసి తెచ్చిన పుస్తకంలో రెండు రకాల పని పద్ధతులను విడదీసి చూపారు. ఒకటి మనిషిలోని శక్తిని, నేర్పును, ఆరోగ్యాన్ని వాడుకుని ఖాళీ చేసేది. రెండవది వాడుకుంటూనే తిరిగి నింపేది. 2009లో ఇనా ఎనర్ట్ అనే జర్మన్ పరిశోధకురాలు దీని మీద ఒక పూర్తి గ్రంథమే రాసింది. మరుసటి ఏడు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జెఫ్రీ ఫెఫర్, కంపెనీలు ప్రకృతి వనరుల మీద చూపే శ్రద్ధ తమ దగ్గర పనిచేసే మనుషుల మీద ఎందుకు చూపవు అని నిలదీసి అడిగాడు.

ఎనర్ట్ చెప్పిన దానిలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. ఆమె కన్నా ముందే జర్మనీలో కొందరు పండితులు చెప్పిన దాన్నే ఆమె విస్తరించింది. కంపెనీ తనకు కావలసిన మనుషులను తాను తయారు చేసుకోదు. వాళ్ళు ఇళ్ళలో పుడతారు, బడుల్లో చదువుకుంటారు, జబ్బు చేస్తే ఆస్పత్రుల్లో బాగవుతారు, అలిసిపోతే మళ్ళీ ఇంట్లోనే తేరుకుంటారు. అంటే మానవ వనరు అనే బావికి ఊట కంపెనీ ఆవరణ బయట ఉంది. బావిలోంచి తోడుకునేవాడు ఊటను కూడా కనిపెట్టి ఉండాలి. ఊట ఎండిపోతే ఎంత పొడుగు తాడు వేసినా చేద ఖాళీగానే పైకి వస్తుంది. మా ఆవిడ కూర తరుగుతూ అన్నది ఈ ఊట తరఫు మాటేనని అమ్మాయి భావం.

ఇప్పుడు నా చదువు సంగతికి వస్తాను. ఒక యంత్రం కొంటాం. పదేళ్ళు పనిచేస్తే అది అరిగిపోతుంది. అందుకని ప్రతి సంవత్సరం లాభంలో నుండి కొంత మొత్తాన్ని తరుగుదల అని రాసి తగ్గిస్తాం. అది చేతిలో పట్టుకునే నగదు కాదన్న సంగతి వాణిజ్యశాస్త్రం చదివినవారికి తెలుసు. అయినా ఆ పద్దు రాయకపోతే వచ్చిన లాభం నిజమైన లాభం కాదు. ఉన్న ఆస్తిని కరిగించుకు తింటూ సంపాదిస్తున్నామనుకునే భ్రమ అది. ఇంతవరకు మొదటి సంవత్సరం పాఠం. మరి మనిషికి? జీతం ఖర్చు పద్దు. ఆ నెలకు ఆ లెక్క తీరిపోయింది. ఆ నెలలో మనిషి ఎంత అరిగాడన్నది ఏ పద్దులోనూ రాదు.

మా నాయన సాంచా నడిపేవాడు. మరమగ్గాన్ని మా ఇళ్ళలో సాంచా అంటామని షోలాపురం వారికి వేరే చెప్పనక్కరలేదు, ఒరిస్సా, యానాం వైపు చదువరుల కోసం రాస్తున్నాను. తెలంగాణ నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన వేలాది పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. రెండు సాంచాల మధ్య నిలబడి, ముప్ఫై ఆరేళ్ళు దుప్పట్లు నేశాడు. నేసినదానికే కూలి. సాంచా ఆగితే కూలి ఆగుతుంది కనుక తెగిన పోగు అతికేటంత సేపు కూడా రెండవ సాంచా మీద ఒక కన్ను ఉండవలసిందే. ఆ షెడ్డులో మాట వినపడదు. పనివాళ్ళు పెదవులు చూసి, చేతి సైగలతో మాట్లాడుకునేవారు. చిన్నప్పుడు నాకు అదొక ఆటలా ఉండేది, నేనూ ఆ సైగలు నేర్చుకున్నాను. నేను బ్యాంకులో చేరేనాటికి, అంటే 1993 నాటికి, ఇంట్లో కూడా నాయనతో ఆ సైగలే మిగిలాయి. నారళీ పున్నమి నాడు మార్కండేయ మహామునికి రథోత్సవం జరుగుతుంది కదా, తూర్పు భాగమంతా వాయిద్యాలతో దద్దరిల్లుతుంది. ఆయన అరుగు మీద కూర్చుని రథం వంక చూస్తూ, ఒక చేయి గోడకు ఆనించి పెట్టేవాడు. ఎందుకని అడిగితే, గోడ అదిరితే వాయిద్యం దగ్గరకు వచ్చినట్టు తెలుస్తుందని చెప్పాడు.

ఆ షెడ్డు యజమాని చెడ్డవాడు కాడు. దీపావళికి బోనస్ ఇచ్చాడు, మా అక్క పెళ్ళికి అడ్వాన్సు ఇచ్చాడు. బి.కాం. చదివే రోజుల్లో సెలవుల్లో ఆయన లెక్కలు నేనే రాసిపెట్టేవాణ్ణి. సాంచాలకు తరుగుదల నా చేత్తో వేశాను. నాయన చెవులకు ఏ పద్దూ లేదని అప్పుడు నాకు తట్టనే లేదు. మా అవ్వ ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం కండెలు చుట్టేది, పొరుగిళ్ళలో బీడీలు చుట్టేవారు. ఇంటినే కార్ఖానాగా వాడుకున్న ఊరు మాది. ఊట, బావి వేరువేరు అని జర్మనీవారు రాశారు గాని, మా పేటలో ఊటలోనే మోటారు పెట్టి తోడారు.

మనిషిని లెక్కల్లోకి ఎక్కించే ప్రయత్నం అసలు జరగలేదని కాదు. 1971లో లెవ్, ష్వార్ట్జ్ అనే ఇద్దరు పండితులు ఒక సూత్రం చెప్పారు. ఉద్యోగి ఇకముందు సంపాదించబోయే జీతమంతా నేటి విలువకు కుదించి, అదే ఆ ఉద్యోగి విలువ అన్నారు. మనదేశంలో 1973-74లోనే భెల్ సంస్థ మానవ వనరుల విలువను నివేదికలో చూపింది. మా కాలేజీలో అది పరీక్షకు తప్పనిసరి ప్రశ్న. పదిహేను మార్కులకు నేను గడగడా రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో లోపం కనపడుతుంది. ఆ సూత్రం ప్రకారం నిద్రలేక రక్తపోటు తెచ్చుకున్న మేనేజరు, ఆరోగ్యంగా ఉన్న మేనేజరు ఇద్దరి విలువా ఒకటే, ఎందుకంటే ఇద్దరి జీతమూ ఒకటే. పైగా సూత్రం మనిషి జీతాన్ని చూస్తుంది గాని, ఆ మనిషిని నిలబెడుతున్న ఇంటిని చూడదు.

మా బ్యాంకింగు రంగంలోనే ఒక ఉదాహరణ చెబుతాను. 2000-01లో ప్రభుత్వరంగ బ్యాంకులు దాదాపు అన్నీ స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెచ్చాయి. పూర్తయిన ప్రతి సంవత్సరం సర్వీసుకు 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసుకు వచ్చే జీతం, ఏది తక్కువైతే అది ఇస్తామన్నారు. దేశం మొత్తం మీద దాదాపు లక్ష మంది వెళ్ళిపోయారు. కంప్యూటర్లు వస్తున్నాయి, మనుషులు ఎక్కువయ్యారు అన్నది కారణం. అందులో నిజం లేకపోలేదు. వెళ్ళినవారిలో కొందరు సుఖపడ్డారు కూడా. నేను అప్పుడే కొత్తగా ఆఫీసరునైన బ్రాంచిలో పందొమ్మిది మందిమి ఉండేవాళ్ళం, అయిదుగురు వెళ్ళారు. వారిలో హెడ్ క్యాషియరు ఒకరు. ఏ రైతు సంతకం ఎటు వంగుతుందో, ఏ అన్నదమ్ములకు పొలం తగాదా ఉందో, ఎవరికి అప్పిస్తే తిరిగి వస్తుందో ఆయనకు తెలుసు. ఆయన వెళ్ళిన తరువాత జీతాల పద్దులో మిగులు కనపడింది. మరుసటి ఏడు బాకీలు పేరుకుపోయినప్పుడు ఎవరూ ఆ హెడ్ క్యాషియరు పేరు ఎత్తలేదు.

ఆ తరువాత కొన్నేళ్ళు కొత్త నియామకాలు నామమాత్రం. 2009లో ఆర్థిక మంత్రిత్వ శాఖ డాక్టర్ ఖండేల్‌వాల్ అధ్యక్షతన వేసిన కమిటీ, రాబోయే కొద్ది ఏళ్ళలో పై హోదాల్లోని వారు పెద్ద సంఖ్యలో రిటైరు కాబోతున్నారని, వెనుక సిద్ధంగా ఉన్నవారు చాలరని 2010 నివేదికలో హెచ్చరించింది. తరువాత ఉమ్మడి పరీక్షలు పెట్టి వేలాది యువకులను తీసుకున్నారు. ఫలితం, నేను పనిచేసిన ప్రతి బ్రాంచిలోనూ యాభై దాటిన మాలాంటివారు ఇద్దరో ముగ్గురో, పాతికేళ్ళ పిల్లలు నలుగురో అయిదుగురో, మధ్య వయసువాళ్ళు దాదాపు సున్నా. కార్లోవిట్జ్ చూస్తే, ఒక పదేళ్ళు మొక్కలు నాటడం మానేసిన అడవి ఇదేనని చెప్పేవాడు. పిల్లలకు పని నేర్పే అన్న లేడు, అక్క లేదు. మమ్మల్ని అడగాలంటే వాళ్ళకు బెరుకు, మాకు తీరిక లేదు.

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటన వచ్చినప్పటి సంగతి చదువరులందరికీ గుర్తుండే ఉంటుంది. మీరు క్యూలో అటువైపు ఉన్నారు, నేను ఇటువైపు. డిసెంబరు 30 దాకా ఇంటికి వేళకు చేరిన రోజు లేదు. తాలూకా ఊరి నుండి ఆఖరి ఎర్ర బస్సు తప్పిపోతే లారీ ఎక్కి వచ్చిన రాత్రులున్నాయి. బ్యాంకు సిబ్బంది శ్రమను అందరూ మెచ్చుకున్నారు, సంతోషమే. కాని ఆ యాభై రోజులు మేం నిలబడగలిగింది ఎవరి వల్ల? మా ఆవిడ ఎన్నిసార్లు అన్నం వేడి చేసిందో, అమ్మాయి పదవ తరగతి చదువు ఎవరు చూసుకున్నారో ఏ స్టేట్‌మెంటులోనూ లేదు. ఎనర్ట్ పుస్తకం లేకుండానే ఈ సంగతి నాకు తెలిసి ఉండవలసింది.

ఇది ఊరికే మనసుకు తోచిన మాట కాదని చూపే లెక్కలు కూడా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35-40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెకు రక్తం అందని జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ అని తేల్చారు. 2016 ఒక్క సంవత్సరంలోనే అధిక పనిగంటల కారణంగా ఈ రెండు జబ్బులతో ప్రపంచంలో 7 లక్షల 45 వేల మంది మరణించారని వారి అంచనా. అదే 2016లో ఫెఫర్, మరి ఇద్దరు పరిశోధకులు అమెరికా లెక్క వేశారు. ఉద్యోగభయం, అదుపులేని పని, పనికీ ఇంటికీ పొసగకపోవడం వంటి పది కారణాలు తీసుకుని చూస్తే, అక్కడ ఏటా లక్షా ఇరవై వేలకు పైగా మరణాలకు, వైద్య ఖర్చులో 5 నుండి 8 శాతానికి వాటితో సంబంధం ఉందని చెప్పారు. అక్కడ ఉద్యోగం పోతే ఆరోగ్య బీమా కూడా పోయేవారు ఎక్కువ. కాబట్టి ఆ అంకెలను తెచ్చి మనకు అతికించడం తగదు. దిశ మాత్రం తెలుస్తుంది.

మన దేశంలోనూ సెబీ సంస్థ 2022-23 నుండి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు సుస్థిరత నివేదిక ఇవ్వాలని నిర్బంధం చేసింది. ఎంతమంది ఉద్యోగం మానేశారు, ప్రసూతి సెలవు తరువాత ఎంతమంది తిరిగి వచ్చి నిలిచారు, ప్రమాదాలెన్ని వంటి ప్రశ్నలు అందులో ఉన్నాయి. మంచిదే. ఇల్లు ఎన్ని గంటలకు చేరుతున్నారని అడిగే గడి మాత్రం నేను వెతికినంతలో కనపడలేదు. కొన్ని ఆఫీసుల్లో సుస్థిరత అంటే పుట్టినరోజు కేకు, యోగా దినం ఫోటో. కేకు తిని మళ్ళీ తొమ్మిది గంటల దాకా కూర్చోవాలి.

ఇంత చెబుతున్నాను గాని, నేనూ ఒక బ్రాంచి మేనేజరునే. డిపాజిటు దాచుకున్న ముసలమ్మ డబ్బు భద్రంగా ఉండాలి, అప్పులు వసూలు కావాలి, మార్చి 31 ఆగదు. ఎనర్ట్ ఈ విషయం దాచలేదు. సామర్థ్యం, సుస్థిరత రెండూ కావలసినవే, రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి, నిర్వహించేవాడు ఆ పేచీని మోస్తూనే నడవాలి అని రాసింది. సభల్లో ఉపన్యసించేవారు దీన్ని దాటవేసి, మనుషులను బాగా చూస్తే లాభాలు వాటంతటవే వస్తాయంటారు. వస్తాయేమో, కాని మార్చి నెలలో రావు. నా చేతి మీదుగా జరిగింది ఒకటి చెబితే ఇది అర్థమవుతుంది.

2018లో శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడు మా బ్రాంచికి ఆఫీసరుగా వచ్చాడు. మరాఠీ ఒక్క ముక్క రాదు. తెలుగువాళ్ళమని తెలిసి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆదివారాలు మా ఇంట్లోనే భోజనం. బ్యాంకులో 'సర్', ఇంట్లో 'బాబాయిగారు'. మా ఆవిడను 'పిన్నిగారు' అనేవాడు. మా జొన్నరొట్టె, పల్లీల కారం మొదట్లో మింగుడుపడక నీళ్ళు తాగేవాడు, తరువాత డబ్బాలో పెట్టించుకుని వెళ్ళేవాడు. పనిలో చురుకు. ఆరు నెలల్లో రైతులతో మరాఠీలో బేరాలాడే స్థితికి వచ్చాడు.

2019 మార్చిలో వాళ్ళమ్మకు విశాఖపట్నంలో ఆపరేషను నిర్ణయించారు. ఒక్కడే కొడుకు. అయిదు రోజులు సెలవు అడిగాడు. ఖాతాలు ముగించే నెల, బాకీల వసూళ్ళు అతని చేతిలో ఉన్నాయి, పైనుంచి రోజుకు మూడు ఫోన్లు. "ఏప్రిల్ రెండో తేదీన వెళ్ళు, వారం రోజులు తీసుకో" అన్నాను. అతను ఎదురు మాట్లాడలేదు. "అలాగే సర్" అని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఆదివారం భోజనానికి రాలేదు. ఆ తరువాత ఏ ఆదివారమూ రాలేదు.

వాళ్ళమ్మ కోలుకున్నది, దేవుడి దయ. అతను జులైలో బాండు సొమ్ము కట్టి రాజీనామా చేశాడు. సెప్టెంబరులో పరీక్ష రాసి, ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడే పెట్టిన గ్రామ సచివాలయంలో చేరాడు. మొదటి రెండేళ్ళు నెలకు 15,000 రూపాయలు. బ్యాంకులో వచ్చేది అంతకు రెండింతలకు పైమాటే. ఆ సీటు మా బ్రాంచిలో పదకొండు నెలలు ఖాళీగా ఉంది. అతని శిక్షణకు బ్యాంకు పెట్టిన ఖర్చు, పరీక్షలు పెట్టి మరొకరిని తెచ్చే ఖర్చు, అతను మొదలుపెట్టి వదిలేసిన వసూళ్ళు అన్నీ కలిపి ఒకనాడు కాగితం మీద వేసి చూశాను. అయిదు రోజుల సెలవు ఖరీదు ఇంత ఉంటుందని ఏ సర్క్యులర్‌లోనూ లేదు. ఆ కాగితం చూపిస్తే మా ఆవిడ చదవను కూడా చదవలేదు. "ఇవన్నీ నీ బ్యాంకుకు పోయినయి. మనింటికి వచ్చే పిలగాడు పోయిండు, అదేడ రాసినవ్?" అన్నది.

నా బుద్ధి కొంత మారడానికి ఈ పుస్తకాల కంటే ముందు రిజర్వు బ్యాంకు కారణమైంది. కీలకమైన పనుల్లో ఉన్నవారిని ఏడాదికి ఒకసారి, ముందుగా చెప్పకుండా, వరుసగా పది పనిదినాలకు తగ్గకుండా సెలవు మీద పంపాలని 2021 జులైలో ఆదేశించారు. ఆ రోజుల్లో కార్యాలయ ఈమెయిలు తప్ప మరే పనీ దూరం నుండి కూడా ముట్టుకోకూడదు. ఇది మా విశ్రాంతి కోసం పెట్టింది కాదు, మోసాలుంటే బయటపడతాయని పెట్టింది. మరుసటి ఏడు ఒక సోమవారం నా వంతు వచ్చింది. మొదటి మూడు రోజులు ఇల్లంతా తిరుగుతూ, ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను. నాలుగవ రోజు మధ్యాహ్నం నిద్రపట్టింది. పెళ్ళయిన తరువాత పనిదినాన మధ్యాహ్నం నేను నిద్రపోవడం ఇదే మొదటిసారని మా ఆవిడ ఫోటో తీసి అమ్మాయికి పంపింది. జర్మనీకే చెందిన సబీన్ జొన్నెన్‌టాగ్ అనే ఆమె ఇలా పని నుండి మనసు విడిపించుకోవడం మీద ఏళ్ళ తరబడి పరిశోధించిందని అమ్మాయి ఇప్పుడు చెప్పింది. మా అమ్మాయి ప్రశ్నకు నేను పెట్టిన టిక్కు తప్పని తేల్చడానికి ఆ ఫోటో చాలు.

పది రోజుల తరువాత వెళితే బ్రాంచి చెక్కుచెదరకుండా ఉంది. ఇది నాకు సంతోషం కలిగించిందని చెబితే అబద్ధమవుతుంది. కొంచెం చిన్నబోయాను.

ఆ ప్రశ్నపత్రాన్ని మా ఆవిడే నింపింది, అమ్మాయి ఆమె పేరు మీద వేరుగా దాచుకున్నది. నా టిక్కులకూ ఆమె టిక్కులకూ పోలిక లేదు. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నది దసరాకు. తరువాత వచ్చిన మార్చిలో, 24వ తేదీ మధ్యాహ్నం, మా క్యాషు కౌంటరులో కూర్చునే లాతూరు అమ్మాయి మూడు రోజుల సెలవు చీటీ తెచ్చింది. పిల్లవాడికి జ్వరం, ఇంట్లో చూసేవారు లేరు. చీటీ బల్ల మీద పెట్టి, కాదంటానని ముందే తెలిసినట్టు తల వంచుకుని నిలబడింది. సంతకం చేసి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చూసుకున్నది.

క్యాషులో కూర్చోవడానికి వేరే మనిషి లేడు. పైవారికి రాసి, కంప్యూటరులో నా హోదా మార్పించుకుని, ఆ మూడు రోజులు నేనే కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ తరువాత నోట్లు లెక్కపెట్టడం. మొదటి రోజు క్యూలోని రైతులు నన్ను చూసి మేనేజరుకు ఏదో శిక్ష పడిందనుకున్నారు. ఒకాయన జాలిపడి చాయ్ తెప్పించాడు. రెండవ రోజు సాయంత్రం లెక్క చూస్తే రెండు వందల రూపాయలు తక్కువ వచ్చాయి. నాలుగుసార్లు లెక్కపెట్టినా దొరకలేదు. జేబులోంచి తీసి కట్టాను.